కావాలని పక్కకు వేసిన గురి

చిరంజీవులకు ఆశీస్సులు.

దారి తెలియకపోతే ఫోన్‌లో నీలం చుక్క చూసుకోవడం మీకు అలవాటే. ఆ చుక్క లేని కాలంలో, 1931లో, ఫ్రాన్సిస్ చిచెస్టర్ అనే ఆయన న్యూజిలాండ్ నుంచి ఆస్ట్రేలియాకు ఒక్కడే చిన్న విమానం నడుపుకుంటూ టాస్మన్ సముద్రం దాటాడు. ఆయన దారి లెక్క వేసుకున్న తీరు నాకు ఎంతో ఇష్టం. అదే మీకు చెబుదామని ఈ ఉత్తరం.

ఆయనది జిప్సీ మోత్ విమానం. కాక్‌పిట్‌కు పైకప్పు ఉండదు. వేగం గంటకు దాదాపు 130 కిలోమీటర్లు. రెండు వేల కిలోమీటర్ల సముద్రాన్ని ఏకబిగిన దాటేంత పెట్రోల్ అందులో పట్టదు. కాబట్టి దారిలో నార్ఫోక్, లార్డ్ హోవ్ దీవుల దగ్గర ఆగాలి. అప్పట్లో అక్కడ రన్‌వేలు లేవు. అందుకని చక్రాలు తీసేసి, నీళ్ల మీద దిగేందుకు తేలే తొట్లు బిగించుకున్నాడు.

నార్ఫోక్ మొత్తం 35 చదరపు కిలోమీటర్లు. అదీ ఏడు వందల కిలోమీటర్లకు పైగా నీళ్లు దాటాక. గాలి విమానాన్ని కాస్త పక్కకు నెట్టిందంటే దీవి కంటపడదు.

ఇక సూర్యుడే దిక్కు. ఏ క్షణాన చూసినా భూమ్మీద ఏదో ఒక్క చోట సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ చోటు ఎక్కడో నావికుల పంచాంగం చెబుతుంది. అక్కడి నుంచి దూరం జరిగేకొద్దీ, 111 కిలోమీటర్లకు ఒక డిగ్రీ చొప్పున, సూర్యుడు కిందికి దిగినట్టు కనిపిస్తాడు. సూర్యుడు దిగంతానికి ఎంత ఎత్తున ఉన్నాడో ఆ కోణాన్ని సెక్స్‌టెంట్ అనే పరికరంతో కొలిస్తే ఆ చోటికి మనం ఎంత దూరమో తేలుతుంది. ఏ వైపు ఉన్నామో మాత్రం తేలదు. అంటే మ్యాప్ మీద ఒక గీత దొరుకుతుంది, ఆ గీత మీద ఎక్కడో మనం ఉంటాం.

చిచెస్టర్ తెలివి ఇక్కడే చూడాలి. దీవి మీదుగా పోయే గీతను ఎంచుకున్నాడు గానీ, నేరుగా దీవికి గురి పెట్టలేదు. కావాలనే బాగా ఒక పక్కకు పెట్టాడు. మీకు తెలియని వీధిలో ఒక ఇల్లు వెతకాలనుకోండి. వీధి మధ్యలోకి వచ్చి పడితే ఎటు తిరగాలో తెలియదు. ఎడమ చివర నుంచే వస్తే, ఇల్లు కుడివైపే. ఆయన కూడా అంతే, గీత చేరగానే అనుమానం లేకుండా దీవి వైపు తిరగవచ్చు.

ఓడలో అయితే లెక్కకు కావలసినంత టైమ్ ఉంటుంది. విమానంలో పది నిమిషాలు లెక్క వేస్తే ఇరవై కిలోమీటర్లు దాటిపోతాం. అందుకే చేయగలిగిన లెక్కలన్నీ నేల మీదే ముందుగా చేసిపెట్టుకున్నాడు. పైన మిగిలినవి కూడా తక్కువేం కావు. ఒకపక్క విమానం ఒరగకుండా చూసుకోవాలి, మబ్బుల సందులో సూర్యుణ్ణి పట్టుకోవాలి, గడియారం చూసి పెన్సిల్‌తో అంకెలు రాసుకోవాలి, పెద్ద లెక్కలు తేలిక చేసే లాగ్ టేబుల్స్ (అంకెల పట్టికలు) తిరగెయ్యాలి. ఇదంతా మొహాన కొట్టే గాలిలో, ఒక్కడే!

గీత మీదికి వచ్చానని లెక్క చెప్పగానే, కనుచూపు మేర నీళ్లే ఉన్నా, విమానాన్ని పక్కకు తిప్పేశాడు. ఆ మలుపు తిప్పడానికి ఎంత గుండె ధైర్యం కావాలో నాకు ఊహకే అందదు. నార్ఫోక్ కనిపించింది. తర్వాత లార్డ్ హోవ్‌నీ అదే పద్ధతిలో పట్టుకున్నాడు. అక్కడ రాత్రి గాలివానకు విమానం నీళ్లలో బోల్తా పడింది. దీవి జనం సాయంతో వారాల తరబడి దాన్ని బాగుచేసుకుని, మళ్లీ ఎగిరి ఆస్ట్రేలియా చేరాడు.

ఇట్లు,
మీ తాతయ్య