ఎడారి కొండల బిగ్‌హార్న్ గొర్రెలు: ఫొటో తీసేవాళ్ల అపోహలు, వాస్తవాలు

పన్నెండేళ్లుగా నేనూ మావారూ ఏటా అమెరికాలోని నెవాడా, దక్షిణ కాలిఫోర్నియా ఎడారులకు వెళ్తున్నాం, బిగ్‌హార్న్ అనే పెద్ద కొమ్ముల అడవి గొర్రెల ఫొటోల కోసం. ఆయన బైనాక్యులర్స్‌తో వెతుకుతారు, నేను కెమెరా పట్టుకుంటాను. లాస్ వేగస్ చూడ్డానికి వచ్చే మనవాళ్లు ఈమధ్య చాలామంది మమ్మల్ని సలహా అడుగుతున్నారు. వాళ్ల మాటల్లో తరచుగా వినిపించే అపోహలు ఇవి.

అపోహ: ఎంత దగ్గరికి వెళ్తే ఫొటో అంత బాగా వస్తుంది.

వాస్తవం: మొదటి ఏడాది నేనూ ఇలాగే అనుకున్నాను. నెవాడాలోని వ్యాలీ ఆఫ్ ఫైర్ పార్కులో ఎర్రరాళ్ల మధ్య పిల్లలతో మేస్తున్న మంద కనిపించింది. ఫొటోలో కొండ బాగా పడుతుందని పక్కనున్న గట్టెక్కి, పైనుంచి దిగుతూ వాటి వైపు నడిచాను. రెండు నిమిషాల్లో మంద మొత్తం లోయ దాటి వెళ్లిపోయింది. వారాల వయసు పిల్ల ఒకటి వెనకబడి, అరుస్తూ తల్లిని వెతుక్కుంది. ఆ అరుపు నాకింకా గుర్తుంది.

ఈ గొర్రెలకు ప్రమాదం వస్తే నిటారు కొండే దిక్కు. మనిషి వాటికంటే పై ఎత్తున కనిపిస్తే ఆ దారి మూసుకుపోయినట్టే. అందుకే మనం కింద, కనపడేలా, కదలకుండా ఉండాలి. అమెరికా జాతీయ పార్కుల్లో చాలా జంతువులకు కనీసం 25 గజాల దూరం పాటించాలని నియమం. మేం ఎక్కడైనా సరే, నడుస్తున్నప్పుడు 100 గజాల దగ్గరే ఆగిపోతాం. అవి మేత మానేసి తలెత్తి మనవైపే చూస్తున్నాయంటే అప్పటికే దగ్గరికి వచ్చేశామని అర్థం. ఒక్కోసారి కూర్చున్నచోటే గంట గడిచాక అవే మేసుకుంటూ మనవైపు వస్తాయి. నా దగ్గరున్న మంచి ఫొటోలన్నీ అలా వచ్చినవే.

అపోహ: పెద్ద లెన్స్ ఉంటే ఏ వేళైనా తీయొచ్చు.

వాస్తవం: ఎడారిలో పొద్దెక్కేకొద్దీ నేలమీది వేడిగాలి కెరటాల్లా ఊగుతుంది. 600 ఎంఎం లెన్స్‌తో చూస్తే దూరపు గొర్రె నీళ్లలో ఉన్నట్టు కదులుతుంది, ఫోకస్ నిలవదు. ఎంత ఖరీదైన లెన్స్ అయినా దీన్ని సరిచేయలేదు. సూర్యోదయం తర్వాత మొదటి గంట, సాయంత్రం చివరి గంట, ఈ రెండే మాకు పనికొస్తాయి. కార్లోంచి తీసేటప్పుడు ఇంకో చిక్కుంది. లోపల ఏసీ చల్లదనం, బయట వేడి కిటికీ దగ్గర కలిసి ఫొటో మసకబారుతుంది. ఇంజిన్, ఏసీ ఆపి, అద్దాలన్నీ దించి కాసేపు ఆగండి.

అపోహ: వేసవిలో నీటి గుంట దగ్గర కాపు కాస్తే ఫొటో ఖాయం.

వాస్తవం: ఖాయమే కావచ్చు, కానీ చేయొద్దు. 45 డిగ్రీల ఎండలో అవి కొన్ని రోజులకొకసారి నీళ్లకు దిగుతాయి. మనల్ని చూసి వెనక్కి తిరిగితే ఆ దాహంతోనే మళ్లీ కొండెక్కాలి. కాలిఫోర్నియాలోని అంజా-బొరెగో పార్కులో కొయోటీ కాన్యన్ అనే లోయను వేసవిలో సందర్శకులకు మూసేసేది ఈ గొర్రెలు నిశ్చింతగా నీళ్లు తాగాలనే. ('బొరెగో' అంటే స్పానిష్‌లో గొర్రె.) అక్కడుండే పెనిన్సులర్ బిగ్‌హార్న్ అనే రకాన్ని 1998లో అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చారు.

అపోహ: కొమ్ములుంటే పొట్టేలే.

వాస్తవం: ఆడవాటికీ ఉంటాయి, పొట్టిగా, సన్నగా. మెలి తిరిగిన పెద్దవి పొట్టేళ్లవి. దుప్పి కొమ్ముల్లా ఇవి రాలిపోవు, జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. కొనలు అరిగి మొద్దుబారిన పొట్టేలు కనిపిస్తే వదలకండి, వయసు మీద పడిన ఆ ముఖం చాలా గొప్పగా ఉంటుంది.

అపోహ: ఊరి పార్కుకు వచ్చేవి మచ్చికైనవి, మేత పెట్టొచ్చు.

వాస్తవం: నెవాడాలోని బౌల్డర్ సిటీ ఊళ్లో ఉన్న హెమెన్‌వే పార్కుకు పచ్చిగడ్డి కోసం మందలు కొండ దిగి వస్తాయి. నడవలేని పెద్దవాళ్లను తీసుకెళ్లడానికి అంతకన్నా మంచి చోటు లేదు. అయినా అవి అడవి జంతువులే. మేత పెట్టకండి, కుక్కను వదలకండి. మన ఊళ్లలో గొర్రెలు, మేకల మధ్య పెరిగినవాళ్లు తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. పెంపుడు గొర్రెలు, మేకల నుంచి సోకే న్యుమోనియా బిగ్‌హార్న్ మందలను తుడిచిపెట్టేయగలదు. బిగ్‌హార్న్‌లకు మనమంటే భయం లేకుండా అలవాటు చేస్తే అవి ఊళ్లకు, పెంపుడు మందల దగ్గరికి వస్తాయి, అంటే ఆ ముప్పుకూ దగ్గర చేసినట్టే.

అపోహ: ఇద్దరు వెళ్తే అలికిడి ఎక్కువ.

వాస్తవం: మాటలు తగ్గించుకుంటే ఇద్దరే మేలు. రాళ్ల రంగులో కలిసిపోయిన గొర్రెను కెమెరాలో వెతకడం చాలా కష్టం. మావారు తెల్లటి పిరుదులు ఎక్కడ మెరుస్తాయా అని బైనాక్యులర్స్‌తో చూస్తారు, కనిపించగానే నా భుజం తడతారు. పైగా చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. మనిషికి రోజుకు 4 లీటర్ల లెక్కన నీళ్లు, దానిపైన ఇంకో రోజుకు సరిపడా కార్లో పెట్టుకున్నాకే బయల్దేరతాం.