నాట్‌కో మిల్లీమీటరు

పరకాల నుంచి ఒక పాలిటెక్నిక్ విద్యార్థి ఈమధ్య ఒక ప్రశ్న పంపాడు. ఇంట్లో పాత టేబుల్ మీద ప్లైవుడ్‌తో సెస్నా 172 విమానం కాక్‌పిట్ కట్టుకున్నాడు. విమానం ముక్కును లేపడానికీ దించడానికీ లాగి నెట్టే యోక్‌కు రెండు స్ప్రింగులు, ఆర్డుయినో అనే ఒక చిన్న కంప్యూటర్ బోర్డు, ఫ్లైట్‌గేర్ అనే ఉచిత సిమ్యులేటర్. "సార్, అన్నీ మంచిగనే పనిచేస్తున్నయి. ట్రిమ్ ఒక్కటే కుదురుతలేదు. యోక్ కొంచెం వెనక్కి గుంజి పట్టుకొని ట్రిమ్ చక్రం తిప్పుత. చెయ్యి వదలంగనే ముక్కు కిందికి పోతది. ఇంకింత తిప్పి చూస్తే ఈసారి పైకి లేస్తది. అసలు పైలట్లు చేతులు వదిలి ఎట్ల నడుపుతరు? నా ప్రోగ్రాంల ఏం తప్పున్నది?"

దశాబ్దాలుగా మూతపడి ఉన్న వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయానికి 2025లో కేంద్రం అనుమతి ఇచ్చినప్పటి నుంచి మా వైపు పిల్లల్లో విమానాల ముచ్చట బాగా పెరిగింది. వచ్చే ప్రశ్నల్లో చాలావరకు ఏ స్క్రీన్ కొనాలి, ఏ గ్రాఫిక్స్ కార్డు కావాలి అనేవే. ఈ అబ్బాయి ప్రశ్న వేరు. ట్రిమ్ అంటే, పైలట్ యోక్ పట్టుకొని ఉండకపోయినా విమానం ముక్కు కావలసిన చోటే నిలిచేలా ఒక చిన్న చక్రంతో చేసే సర్దుబాటు. అతని ప్రోగ్రాంలో ఏ తప్పూ లేదు. తప్పంతా స్ప్రింగుది. అది ఎందుకో తెలిస్తే ఇంటి కాక్‌పిట్ సగం అర్థమైనట్టే. విమానం ఎందుకు ఎగురుతుంది, రెక్క ఏం చేస్తుంది లాంటివి ఎన్నోచోట్ల చదివే ఉంటారు, వాటిని వదిలేస్తున్నాను.

సెస్నా 172లో యోక్‌కూ తోకకూ మధ్య హైడ్రాలిక్స్ (నూనె ఒత్తిడితో బలం పంపే యంత్రాలు) ఏమీ ఉండవు. ఉక్కు కేబుళ్లు, పుల్లీలు, వాటి చివర తోక మీద కీలుతో వేలాడే, ముక్కును లేపే దించే ఎలివేటర్ పలక, అంతే. యోక్ లాగితే ఎలివేటర్ పైకి లేస్తుంది, దాన్ని గాలి వెనక్కి తోస్తుంది. ఆ తోపే కేబుల్ వెంట వచ్చి పైలట్ అరచేతిలో బరువుగా తెలుస్తుంది. అంటే యోక్ మీద చేయి వేయడమంటే తోక దగ్గరి గాలి మీద చేయి వేయడమే.

కాక్‌పిట్ ప్యానెల్ కోసం దుకాణంలో ప్లైవుడ్ షీటు కొని, బైకు వెనక కూర్చొని పట్టుకొచ్చిన వాళ్ల చేతులకు ఈ లెక్క ముందే తెలుసు. చదరపు మీటరు షీటును గాలికి ఎదురుగా నిలబెట్టారనుకోండి. గంటకు 18 కిలోమీటర్ల వేగంలో అది రెండు కిలోల బరువంత కూడా లాగదు. 36కు వచ్చేసరికి ఏడు కిలోలు. 72 దగ్గర ముప్పై కిలోలకు దగ్గరపడుతుంది, ఇక చేతుల్లో నిలవదు. వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లు. ఇంటర్ మొదటి సంవత్సరంలో అందరం బట్టీ పట్టిన ½ρv² ఇదే (ρ గాలి సాంద్రత, v వేగం). ఎంట్రన్స్ పరీక్షలో దీని మీద లెక్క చేసి మార్కు తెచ్చుకున్న పిల్లలు వేలల్లో ఉంటారు. ఆ వర్గం గుర్తు చేతికి ఎలా తగులుతుందో చూపించిన తరగతి గది మాత్రం నాకు ఇంతవరకు కనబడలేదు. ఒక అట్టముక్క, ఒక టేబుల్ ఫ్యాన్ ఉంటే చాలు కదా!

అదే షీటును ఇప్పుడు పడుకోబెట్టి, ముందు అంచును మాత్రం పట్టుకొని వెనక అంచును గాలికి వదలండి. బరువు సంగతి పక్కన పెడితే, షీటు గాలి వెంట తిన్నగా నిలుస్తుంది. వెనక అంచును కొద్దిగా పైకెత్తితే గాలి కిందికి నొక్కుతుంది. రెట్టింపు ఎత్తితే దాదాపు రెట్టింపు నొక్కుతుంది. చేతికి తెలిసే బలం ఒకవైపు కోణంతోను, మరోవైపు వేగం వర్గంతోను పెరుగుతుందన్నమాట. ఇక అసలు సంగతి. షీటు వెనక అంచుకు ఒక సన్నని అట్ట పట్టీ అతికించి దాన్ని కిందికి వంచండి. పట్టీకి తగిలే గాలి వెనక అంచును పైకి తోస్తుంది. పట్టీ చిన్నదే, కానీ కీలుకు దూరంగా ఉంది కాబట్టి తూకంలో గట్టిగా నిలబడుతుంది. షీటు ఒక కోణం దాకా లేచి అక్కడ ఆగిపోతుంది. ఇక మీ చేయి ఎత్తి పట్టుకోనక్కర్లేదు. సెస్నా ఎలివేటర్ కుడి సగం చివర ఉండే ట్రిమ్ ట్యాబ్ ఇదే పట్టీ.

ఇంకొక్క మాట కూడా ఈ షీటు దగ్గరే తేల్చుకోవాలి. వేగం పెరిగితే షీటు మీద తోపూ, పట్టీ మీద తోపూ రెండూ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి. అందుకని షీటు ఆగే కోణం వేగంతో మారదు. మారేది, ఆ కోణం నుంచి దాన్ని కదపడానికి కావలసిన బలం. ఇవి రెండు వేర్వేరు సంగతులు. బలం సున్నా అయ్యే చోటు ఎక్కడ అన్నది ట్రిమ్ చెబుతుంది. అక్కడి నుంచి కదిపితే ఎంత బరువు అన్నది వేగం చెబుతుంది.

స్ప్రింగు ఈ రెండూ చెప్పలేదు. దాని బిగువు ఎప్పుడూ ఒకటే, దాని సున్నా ఎప్పుడూ నడిమధ్యే. అసలు విమానంలో పైలట్ యోక్‌ను వెనక్కి పట్టుకొని ట్రిమ్ చక్రం తిప్పుతుంటే యోక్ ఉన్నచోటే ఉంటుంది, బరువు మాత్రం మెల్లగా కరిగిపోతుంది. పూర్తిగా కరిగాక చేయి తీస్తాడు, ఏమీ జరగదు. పరకాల కాక్‌పిట్‌లో అలా కాదు. సిమ్యులేటర్ యోక్ స్థానానికి ట్రిమ్ విలువను కలుపుతుంది. యోక్ వెనక్కి ఉండగానే ట్రిమ్ తిప్పితే ఎలివేటర్ ఇంకా పైకి పోతుంది. చేయి వదిలితే యోక్ మధ్యకు వచ్చేస్తుంది, ఎలివేటర్‌కు మిగిలేది ట్రిమ్ ఇచ్చిన వాటా మాత్రమే. అది కావలసినంత ఉండాలంటే చక్రం తిప్పుతున్నంతసేపూ దానికి సరిగ్గా సరిపడేలా యోక్‌ను సడలిస్తూ రావాలి. ఇలాంటి యోక్‌తో బాగా సాధన చేసినవాళ్లు నిజమైన సెస్నాలో కూర్చుంటే ఆ సడలించే అలవాటును మరిచిపోవలసి వస్తుంది. నా దృష్టిలో ఇంటి కాక్‌పిట్‌కు ఇంతకన్నా పెద్ద లోపం లేదు. ఊగే ప్లాట్‌ఫారం కోసం ఖర్చు పెట్టేముందు దీన్ని సరిచేసుకోవాలి.

సరిచేసే దారి చాలా అందమైనది. యోక్ కడ్డీని బల్ల కింద ఒక నిలువు లీవరుకు కలపండి. లీవరుకు అటొకటి ఇటొకటి రెండు స్ప్రింగులు, బైకు క్లచ్ వైరుతో కట్టినవి. స్ప్రింగులు బిగించి లాగి కడితే యోక్ గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. ఎదురెదురు స్ప్రింగులను రెండింటినీ సమానంగా ఎంత లాగి కట్టినా, కదిపినప్పుడు ఒకటి పోగొట్టుకున్నదాన్ని రెండోది తెచ్చుకుంటుంది, మొత్తం బిగువు మారదు. మార్చాల్సింది స్ప్రింగు లీవరుకు తగులుకునే చోటు. అది కీలు నుంచి r దూరంలో ఉంటే, లీవరు కొద్ది కోణం తిరిగినప్పుడు స్ప్రింగు సాగేది r కు తగినట్టు. ఆ సాగుడు వల్ల పుట్టిన బలం మళ్లీ r దూరంలోనే పనిచేస్తుంది. రెండు r లు గుణించుకుంటాయి. లీవరు బిగువు r వర్గంతో పెరుగుతుంది.

గాలి బిగువు వేగం వర్గంతో, లీవరు బిగువు దూరం వర్గంతో! కాబట్టి దూరాన్ని వేగానికి సమానంగా జరిపితే చాలు, వర్గం తనంతట తానే వచ్చేస్తుంది. నాట్‌కో మిల్లీమీటరు అనుకోండి (నాట్ విమాన వేగానికి కొలత, గంటకు దాదాపు 1.85 కిలోమీటర్లు). 110 నాట్ల వేగంలో స్ప్రింగు కీలుకు 110 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. దిగడానికి 65 నాట్లకు తగ్గితే 65 మిల్లీమీటర్లకు జారుతుంది. బిగువు దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. నిజమైన సెస్నాలో రన్‌వే దగ్గరపడేకొద్దీ యోక్ మెత్తబడి, ఎక్కువ లాగితే గానీ మాట వినని స్థితి సరిగ్గా ఇదే. ఎగరడం నేర్చుకునేవాళ్లకు వేగం పడిపోతోందని అంకెల కన్నా ముందు చేయే చెబుతుంది. ఆగి ఉన్నప్పుడు దూరం సున్నా, యోక్‌లో ప్రాణం ఉండదు.

స్ప్రింగు కొసను జరపడానికి త్రీడీ ప్రింటర్లలో వాడే లెడ్ స్క్రూ (తిరిగితే నట్టును జరిపే మర కడ్డీ), స్టెప్పర్ మోటారు (చిన్న చిన్న అడుగులుగా తిరిగే మోటారు) సరిపోతాయి. ఒక చుట్టుకు 8 మిల్లీమీటర్లు జరిపే స్క్రూ, చుట్టుకు 200 అడుగులు వేసే మోటారు తీసుకుంటే మిల్లీమీటరుకు 25 అడుగులు. సున్నా దగ్గర ఒక లిమిట్ స్విచ్ తప్పనిసరి, లేకపోతే కరెంటు పోయి వచ్చాక తను ఎక్కడుందో మోటారుకు తెలియదు. వేగాన్ని ఫ్లైట్‌గేర్ సీరియల్ పోర్టు ద్వారా పంపుతుంది. అందులో తీసుకోవలసింది నేల మీద వేగం కాదు, మీటరు చూపే ఎయిర్‌స్పీడ్. ఆ మీటరు కొలిచేదే గాలి తోపును కాబట్టి, ఎత్తుకు పోయి గాలి పలచబడినా లెక్క చెడదు. స్ప్రింగు పక్కకు జరిగినప్పుడు కొంచెం ఏటవాలు వస్తుంది. స్ప్రింగు ఎంత పొడవుంటే ఆ తేడా అంత తక్కువ.

ట్రిమ్ సంగతి మిగిలింది. దానికి స్ప్రింగు కొసలను లాగకూడదు. స్ప్రింగుల రెండో కొసలు కట్టిన ఫ్రేమ్ మొత్తాన్ని లీవరు కీలు మీదే తిరిగేలా పెట్టి, ఆ ఫ్రేమ్‌ను తిప్పాలి. పాత కారు వైపర్ మోటారు ఇందుకు చక్కగా పనికొస్తుంది. దాని వార్మ్ గేరు వల్ల యోక్ ఎంత లాగినా మోటారు వెనక్కి తిరగదు. ఫ్రేమ్ ఏ కోణంలో ఉంటే బలం సున్నా అయ్యే చోటు అక్కడే, r ఎంతైనా సరే. షీటు దగ్గర తేల్చుకున్న రెండు సంగతులూ ఇక్కడ రెండు మోటార్లుగా విడిపోయాయి. ఇలా కట్టాక సిమ్యులేటర్‌కు ట్రిమ్ సంకేతం పంపకూడదు, చక్రం వైపర్ మోటారుతో మాత్రమే మాట్లాడాలి. లేకపోతే ట్రిమ్ రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. యోక్ స్థానాన్ని చదివే సెన్సార్ కదలని బల్లకే బిగించాలి గానీ తిరిగే ఫ్రేమ్‌కు కాదు.

సెన్సార్ అన్నాను గనుక ఒక లెక్క. మామూలు 10కె పాట్ (రేడియో వాల్యూమ్ నాబ్ లాంటి, తిప్పితే నిరోధం మారే భాగం) 270 డిగ్రీలు తిరుగుతుంది. లీవరు 60 డిగ్రీలే తిరిగితే, ఆర్డుయినో చదివే 1024 మెట్లలో మనకు దక్కేవి దాదాపు 227. ఎలివేటర్ మొత్తం కదలిక 50 డిగ్రీల చిల్లర, అంటే మెట్టుకు ఐదో వంతు డిగ్రీ. 110 నాట్ల దగ్గర ఆ ఐదో వంతుకే ముక్కు కదలడం కనబడుతుంది. పాట్ లోపలి కార్బన్ పట్టీ అరిగితే అంకెలు వాటంతటవే రెండు మూడు మెట్లు గెంతుతాయి, ట్రిమ్ చేసిన పనంతా వృథా. అయస్కాంతంతో పనిచేసే, అరుగుదల లేని హాల్ సెన్సార్, ఇంకా సన్నని మెట్లు చదివే 16 బిట్ల ఏడీఎస్1115 చిప్ పెడితే ఈ బాధ పోతుంది. పాట్‌తోనే సరిపెట్టుకోవాలంటే 16 సార్లు చదివి కూడితే రెండు బిట్లు అదనంగా వస్తాయి, అంటే మెట్లు నాలుగు రెట్లు.

కాక్‌పిట్‌ను తూర్పు ముఖంగా పెట్టాలా అని కూడా కొందరు అడుగుతుంటారు. శంషాబాద్ రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది కాబట్టి అది వాస్తు ప్రకారమే అని ఎవరో చెప్పారట. రన్‌వే దిక్కును నిర్ణయించేది గాలి. వానాకాలం మనకు పడమటి గాలి, చలికాలం తూర్పు గాలి. విమానం గాలికి ఎదురుగా లేవాలి, దిగాలి. మీ కాక్‌పిట్‌ను కిటికీ వెలుతురు స్క్రీన్ మీద పడని వైపు పెట్టుకోండి.

కట్టింది సరిగ్గా ఉందో లేదో పరీక్షించడానికి ఒక గడియారం చాలు. 110 నాట్ల దగ్గర ట్రిమ్ చేసి, యోక్ లాగి వేగం పది నాట్లు తగ్గనిచ్చి, చేయి పూర్తిగా తీసేయండి. ముక్కు దిగుతుంది, వేగం పెరుగుతుంది, మళ్లీ లేస్తుంది. ఈ నెమ్మది ఊపును ఫ్యూగాయిడ్ అంటారు. సిద్ధాంతం ప్రకారం ఒక ఊపు కాలం π√2 వేగం బై g, ఈ వేగానికి దాదాపు 26 సెకన్లు. మీకు ఆ దరిదాపుల్లో వచ్చి, ఊపు తగ్గుతూ పోయి చివరికి 110 దగ్గరే కుదురుకుంటే ట్రిమ్ నిజంగా పనిచేస్తున్నట్టు. మూడు నాలుగు సెకన్లకోసారి ఊగుతుంటే అది విమానం కాదు, లీవరులో వదులో, సెన్సార్ గెంతులో, మీ చేయో.

ఇన్ని మోటార్లు వద్దనుకునేవారికి నేను చెప్పేది ఎయిర్‌బస్ ఏ320 కట్టుకోమని. 1987లో మొదటిసారి ఎగిరిన ఆ విమానంలో సైడ్‌స్టిక్ (యోక్ బదులు పైలట్ పక్కన ఉండే చిన్న కర్ర) నిజంగానే స్ప్రింగుతో మధ్యకు వస్తుంది, గాలి తోపు చేతికి రాదు, ట్రిమ్‌ను కంప్యూటర్లే చూసుకుంటాయి. ఇంట్లో చేసిన స్ప్రింగు స్టిక్ అక్కడ అచ్చం అసలుదే. బోయింగ్ 737 మాత్రం మళ్లీ కష్టం. దాని హైడ్రాలిక్స్ గాలి తోపును చేతిదాకా రానివ్వవు కాబట్టి, నిలువు తోక మీది పిటాట్ గొట్టాలతో (ఎదురు గాలి తోపును కొలిచేవి) వేగం కొలిచి, యోక్ నిలబడే కాలమ్‌కు కృత్రిమంగా బరువు చేర్చే ఫీల్ కంప్యూటర్ అందులో ఉంది. మన స్క్రూ, స్ప్రింగు చేసే పనే అది.

పెడల్స్‌కు కూడా నాట్‌కో మిల్లీమీటరు పెట్టవచ్చు, కానీ సున్నా దాకా పోనివ్వకండి. సెస్నాలో పెడల్స్ రడ్డర్‌తో (ముక్కును పక్కలకు తిప్పే నిలువు తోక పలక) పాటు ముందు చక్రానికి కూడా స్ప్రింగుల ద్వారా కలిసి ఉంటాయి. ఆగి ఉన్నప్పుడు కూడా అవి కాలికి గట్టిగానే తగులుతాయి. అందుకని నేల మీద ఉన్నంతసేపు దూరాన్ని 50 మిల్లీమీటర్ల దగ్గర ఆపి, చక్రాలు నేల వదిలాక వేగానికి అప్పగించండి. చక్రాలు నేల మీద ఉన్నాయో లేదో ఫ్లైట్‌గేర్ అదే సీరియల్ పోర్టులో చెబుతుంది.