మునివేళ్ల మీద నడిచే పిల్లలు: అపోహలు, వాస్తవాలు

పిల్లల ఫిజియోథెరపీ చేసే మా దగ్గరికి, మడమ నేలకు ఆనించకుండా నడిచే పిల్లలను తీసుకువచ్చేవారిలో ఐదేళ్లు దాటినా ‘అదే తగ్గుతుందిలే’ అని ఊరుకున్నవారూ ఉంటారు, ఏడాదిన్నర బిడ్డకు ఆపరేషన్ ఎప్పుడు చేయించాలని అడిగేవారూ ఉంటారు. బిడ్డ వయసెంత, చీలమండ ఎంత బిగుసుకుంది, ఆ నడకకు కారణమేమిటి అన్నవి తేలనిదే వీరిలో ఎవరికీ సరైన సమాధానం చెప్పలేము.

అపోహ: మునివేళ్ల మీద నడుస్తుంటే ఏదో జబ్బు ఉన్నట్టే.

నడక నేర్చుకునే దశలో చాలామంది పిల్లలు కొంతకాలం ఇలా నడుస్తారు. రెండు, మూడేళ్లు వచ్చేసరికి మడమ ముందుగా ఆనించే నడక అలవాటవుతుంది. ఆ తరువాత కూడా కొనసాగితే పరీక్ష చేయించాలి. పరీక్షలో ఏ కారణమూ కనబడకపోతే దానిని ఇడియోపతిక్ టో వాకింగ్ అంటారు. ‘వాళ్ల మేనమామ కూడా చిన్నప్పుడు ఇలాగే నడిచాడు’ అని పెద్దవాళ్లు చెప్పేది కొట్టిపారేయదగిన మాట కాదు, ఈ నడక కొన్ని కుటుంబాలలో నిజంగానే వస్తుంటుంది. పిల్లలను పదేళ్ల వయసు వరకు గమనించి స్వీడన్ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ఇలాంటి పిల్లల్లో 79 శాతం మందికి పదేళ్లు వచ్చేసరికి ఆ నడక దానంతటదే పోయింది.

అపోహ: అయితే ఎదురుచూస్తే చాలు.

పై అంకె జబ్బేదీ లేదని తేలిన పిల్లలది. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కదలికల్లో వచ్చే లోపం), వెన్నుపాములో లోపం, కండరాల క్షీణత వంటివి కూడా మునివేళ్ల నడకగానే బయటపడవచ్చు. ఒక్క కాలికే ఉన్నా, మొదట బాగా నడిచిన బిడ్డ కొన్నేళ్ల తరువాత ఇలా మొదలుపెట్టినా, నడక ఆలస్యంగా వచ్చినా, తరచూ పడిపోతున్నా వయసుతో పని లేకుండా వెంటనే చూపించాలి.

వీటిలో మగపిల్లలకు వచ్చే డ్యూషెన్ కండర క్షీణత గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇందులో పిక్కలు లావుగా, గట్టిగా కనిపిస్తాయి కాబట్టి బిడ్డ బలంగా ఉన్నాడని ఇంట్లోవారు సంతోషిస్తారు. కానీ నేల మీద కూర్చున్న బిడ్డ పైకి లేచేటప్పుడు ముందుకు వంగి, తన తొడల మీదే చేతులు ఆనించి, ఒంటి మీద ఎక్కుతున్నట్టుగా లేస్తున్నాడంటే తుంటి, తొడ కండరాలు బలహీనపడ్డాయని అర్థం. కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమును కొలిచే సీకే అనే రక్తపరీక్షతో ఈ అనుమానం చాలావరకు తేలుతుంది. తొడ బలహీనతను కప్పుకోవడానికే ఆ బిడ్డ మునివేళ్ల మీద నిలబడుతున్నాడు కనుక, కారణం తెలుసుకోకుండా మడమ నరాన్ని (పిక్క కండరాన్ని మడమకు కలిపే పట్టీలాంటి స్నాయువును) వదులు చేస్తే ఉన్న నడక కూడా పోయే ప్రమాదం ఉంది.

అపోహ: ఇలా నడిస్తే ఆటిజమే.

ఆటిజం ఉన్న పిల్లల్లో ఈ నడక ఎక్కువగా కనిపించేది నిజమే. అయితే పేరు పెట్టి పిలిస్తే పలికే, కళ్లలోకి చూసి నవ్వే, కావలసినదాన్ని వేలితో చూపించే, వయసుకు తగ్గట్టు మాట్లాడే బిడ్డకు కేవలం నడకను చూసి ఆ ముద్ర వేయకూడదు.

అపోహ: అదంతా మొండితనం, గదమాయిస్తే పోతుంది.

‘మడమ దించు’ అనగానే దించి నాలుగడుగులు చక్కగా నడిచి, ఆటలో పడగానే మళ్లీ పైకి లేవడం ఇడియోపతిక్ నడక స్వభావం. పగలంతా అదే మాట అంటుంటే బిడ్డ నలుగురిలో నడవడానికి సిగ్గుపడుతుంది. చక్రాల వాకర్‌లో ఎక్కువసేపు కూర్చోబెట్టడం మాత్రం మానేయండి. అందులో బిడ్డ మునివేళ్లతో నేలను తన్నుకుంటూ కదులుతుంది. మెట్ల మీద నుంచి పడే ప్రమాదం దృష్ట్యా కెనడా 2004లోనే వాటిని నిషేధించింది.

అపోహ: నూనె రాసి పాదం పైకి వంచితే చాలు.

మర్దన వల్ల హాని లేదు, కానీ మర్దనతో మడమ నరం సాగదు. వ్యాయామం చేయించేవారిలో చాలామంది వేళ్ల దగ్గర పట్టుకొని పైకి తోస్తారు. అప్పుడు పాదం మధ్యలో వంగుతుంది, మడమ ఉన్నచోటే ఉంటుంది. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు నిటారుగా ఉంచి, మడమను అరచేతిలో గిన్నెలా పట్టుకొని కిందికి లాగుతూ, మీ ముంజేతిని అరికాలికి ఆనించి పైకి నెట్టాలి. పాదాన్ని కొద్దిగా లోపలికి తిప్పి ఉంచితే మధ్యలో వంగదు. సుమారు 30 సెకన్లు ఆపి వదలాలి, రోజూ కొన్నిసార్లు చేయాలి. బిడ్డ ఏడ్చేంత బలం పెట్టకూడదు.

బిగువు ఎంత ఉందో ఇంట్లోనే కొంత తెలుసుకోవచ్చు. అరికాళ్లు తడిపి గచ్చు మీద నడిపించి, మడమ ముద్ర పడుతోందో లేదో చూడండి. గొంతుక్కూర్చోమంటే మడమలు పైకి లేచినా, వెనక్కి పడిపోయినా పిక్క కండరం కురచబడిందేమోనని అనుమానించాలి.

అపోహ: వ్యాయామంతో తగ్గకపోతే ఆపరేషనే గతి.

మధ్యలో పిండికట్ల చికిత్స ఉంది. మోకాలి కింద నుంచి కట్టు వేసి, ఒకటి రెండు వారాలకోసారి మారుస్తూ పాదాన్ని కొంచెం కొంచెంగా పైకి తెస్తారు. చాలామంది పిల్లలు ఆ కట్టుతోనే నడుస్తారు. తరువాత కొంతకాలం చీలమండను, పాదాన్ని సరైన స్థితిలో నిలిపి ఉంచే ఏఎఫ్‌ఓ అనే ప్లాస్టిక్ పట్టీ వాడాలి. కట్లకు ముందు, కండరాన్ని కొంతకాలం సడలించే బొటాక్స్ ఇంజెక్షన్ ఇస్తే మేలని కొందరు అంటారు కానీ, ఇడియోపతిక్ నడక ఉన్న పిల్లల మీద స్వీడన్‌లోనే జరిపి 2013లో ప్రచురించిన పరిశోధనలో కట్లతో పాటు ఇంజెక్షన్ ఇచ్చినా అదనపు ప్రయోజనం కనిపించలేదు. నా దృష్టిలో ఆ ఖర్చు ఇలాంటి పిల్లలకు అనవసరం. సెరిబ్రల్ పాల్సీలో మాత్రం దాని అవసరం వేరు.

ఇన్ని చేసినా పాదం పైకి రానంత గట్టిగా బిగుసుకున్న పిల్లలకే శస్త్రచికిత్స. దాని తరువాత కూడా కట్టు, పట్టీ, వ్యాయామం తప్పవు. ఎదిగే వయసు కాబట్టి నడక తిరగబెట్టే అవకాశమూ ఉంటుంది.

జిల్లా ఆసుపత్రుల్లోని సత్వర చికిత్స కేంద్రాలలో ఈ పరీక్షలు చేయించుకోవచ్చు, మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రాలలో ఫిజియోథెరపిస్టును కలవవచ్చు. వచ్చేటప్పుడు బిడ్డ పాత చెప్పులు, ఆటలో ఉండగా వెనుక నుంచి, పక్క నుంచి తీసిన వీడియో తీసుకురండి, ఎందుకంటే మా ఎదుట చాలామంది పిల్లలు బుద్ధిగా మడమ ఆనించే నడుస్తారు.