చదివింది ఎక్కడికి పోతుంది?

పిల్లలకు తాతయ్య దీవెనలు.

మీలో ఒకరు నన్ను ఇలా అడిగారు: "తాతయ్యా, పరీక్ష ముందు రోజు రాత్రి చాలాసేపు కూర్చుని పాఠమంతా బట్టీ పట్టాను. అప్పజెబితే ఒక్క తప్పూ రాలేదు. వారం తిరిగేసరికి సగం కూడా గుర్తులేదు. చదివిందంతా ఎక్కడికి పోతుంది? నా బుర్రే మంచిది కాదా?" అడిగిందెవరో చెప్పను. ఈ ప్రశ్న మీ అందరిదీ.

ముందు ఆ చివరి మాట సంగతి తేలుద్దాం. జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అని ఒకాయన ఉండేవాడు. మనం ఎలా మర్చిపోతామో తెలుసుకోవాలని తన మీద తనే ప్రయోగాలు చేసుకున్నాడు. అర్థమున్న మాటలైతే తెలిసిన విషయాలతో ముడిపడి సులువుగా గుర్తుండిపోతాయి కదా! అందుకని రెండు హల్లుల మధ్య ఒక అచ్చు ఇరికించి, అర్థంపర్థం లేని ముక్కలు రెండువేలకు పైగా తయారుచేసుకున్నాడు. వాటిని వరసలుగా పేర్చి బట్టీ పట్టడం, కొంత కాలం ఆగి మళ్ళీ పట్టడం, రెండోసారి ఎంత సమయం కలిసొచ్చిందో రాసుకోవడం. అదే పని! ఆ ఓపికకి దణ్ణం పెట్టాలి. 1885లో ఆ లెక్కలు అచ్చువేశాడు. వాటి ప్రకారం గంటకే సగానికి పైగా జారిపోయింది. ఒక రోజు గడిచేసరికి దాదాపు మూడింట రెండు వంతులు పోయింది. ఆ తర్వాత జారడం నెమ్మదించి, నెల దాటాక కూడా ఐదో వంతు మిగిలింది. కాబట్టి మీ బుర్రకేం ఢోకా లేదు.

మరి నిలవాలంటే? మా ఇంట్లో మొక్కలకు నీళ్ళు పోసేది మా తాతగారు, మోసేది నేను. ఆయన ఒక్కో కుండీలో చెంబుతో కాసిని పోసి పక్కదానికి వెళ్ళేవారు. వరస పూర్తయ్యాక మళ్ళీ మొదటికి వచ్చేవారు. అవతల ఆట మొదలైపోతోందని నాకు టెన్షన్. "బకెట్టంతా ఒకేసారి పోసేస్తే పోలా?" అన్నాను. ఆయన కోప్పడలేదు. మూల పడి ఉన్న ఎండు కుండీ ఒకటి చూపించి "పోయరా" అన్నారు. ఎండిన మట్టి ముడుచుకుపోయి కుండీ అంచు నుంచి విడిపోయి ఉంది. నేను పోసిన నీళ్ళు ఆ సందులోంచి సర్రున దిగి, అడుగు చిల్లులోంచి బయటికొచ్చేశాయి. ఆయన పుల్లతో మట్టి పెళ్ళగించారు. పైన వేలెడు తడి, కిందంతా పొడి దుమ్ము.

పరీక్ష ముందు రాత్రి చదువు అలాంటిదే. పైన తడిగా ఉంది కనుక అప్పజెబితే తప్పు రాదు. మీరు లోపల పుల్ల పెట్టి చూడలేదు, అంతే. ఎబ్బింగ్‌హౌస్ దీన్నీ లెక్క కట్టాడు. 12 ముక్కల వరసను ఒకే దఫాలో 68 సార్లు చదివితే ఎంత ఫలితం దక్కిందో, మూడు రోజులకు పంచుకుని 38 సార్లు చదివితే కనీసం అంత దక్కింది. నీళ్ళు తక్కువ, తడి ఎక్కువ! ఎందుకంటే మధ్యలో ఇంకడానికి వ్యవధి ఇచ్చాడు.

ఇంకడం అంటే నిద్ర సంగతి కూడా చెప్పాలి. పొద్దుగూకాక పోసిన నీళ్ళను ఎండ లాగేసుకోదు కదా. 1924లో అమెరికాలో జెన్‌కిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు దీన్ని పరీక్షించారు. నేర్చుకున్నాక మెలకువగా ఉన్నప్పటికంటే, అంతే సేపు నిద్రపోయినప్పుడు ఎక్కువ గుర్తుందని తేలింది. తెల్లవార్లూ మేలుకుని చదివేవాళ్ళు ఇది రెండుసార్లు చదవండి. ఒకసారి ఇవాళ, ఒకసారి రేపు.

పక్కవాడికి ఒక్కసారి వింటే వచ్చేస్తుందని దిగులు పడుతుంటారు మీరు. ఇసుక నేల గబుక్కున తాగుతుంది, గబుక్కున వదిలేస్తుంది. బంకమన్ను నిదానంగా తాగి, ఎక్కువ రోజులు దాచుకుంటుంది. అలాగని త్వరగా నేర్చుకునేవాళ్ళంతా త్వరగా మర్చిపోతారని కాదు సుమా! పోలికను అంత దూరం లాగకూడదు. నేను లాగుతున్నానంటే పెద్దవాణ్ణి కనుక చెల్లిపోతోంది. మీరు మాత్రం ఎవరి కుండీ వాళ్ళు చూసుకోండి. రోజూ కాసేపు పుస్తకం మూసి, ఎంత గుర్తుందో మీకు మీరే చెప్పుకోండి. మూసిన పుస్తకం ముందు అబద్ధమాడలేం.

అసలు వింత ఇంకొకటి ఉంది. ఎబ్బింగ్‌హౌస్ వయసులో ఉన్నప్పుడు ఒక ఇంగ్లిష్ కావ్యంలో కొన్ని పద్యాలు కంఠస్థం చేశాడు. 22 ఏళ్ళ తర్వాత వాటిని మళ్ళీ పట్టుకున్నాడు. అవి పూర్తిగా మరుపున పడ్డాయి. అయినా ఎన్నడూ నేర్వని పద్యాలతో పోలిస్తే వీటిని నేర్వడానికి తక్కువ సమయం పట్టింది! ఇన్నాళ్ళూ ఆయనకే తెలియకుండా అవి ఏ మూల దాక్కున్నాయంటారు?

నమ్మకపోతే మీరే చూడండి. రెండు మూడేళ్ళ కింద వల్లించి, ఇప్పుడు బొత్తిగా మర్చిపోయామనుకుంటున్న పద్యం ఒకటి తీయండి. దాదాపు అంతే ఉన్న కొత్త పద్యం ఇంకొకటి తీసుకోండి. గడియారం ముందు పెట్టుకుని రెండూ నేర్చుకోండి, వేరువేరు రోజుల్లో. ఏది ఎన్ని నిమిషాల్లో వచ్చిందో నాకు రాయండి.

మీ
తాతయ్య