మూత్రాశయానికి ఒక విద్యుత్ మీట

వెన్నుపాము దెబ్బతిన్నదనగానే చూసేవాళ్ల దృష్టి కాళ్ల మీదికే పోతుంది గానీ, ఆ గాయంతో బతుకుతున్న వారికి రోజూ ఎదురయ్యే పెద్ద చిక్కు చాలాసార్లు మూత్రమే. మూత్రాశయాన్ని నడిపే నాడులు వెన్నుపాము అడుగు కొసన ఉన్న త్రిక ఖండాల నుంచి, అంటే 2, 3, 4 ఖండాల నుంచి బయలుదేరతాయి. దెబ్బ అంతకంటే పైన తగిలితే ఈ కింది కేంద్రం బతికే ఉంటుంది. మెదడు మాట మాత్రం దానికి చేరదు. మూత్రాశయం ముడుచుకునేటప్పుడు దారిని బిగించి ఉంచే వలయ కండరం సడలాలి. మెదడు అదుపు తప్పాక రెండూ ఒకేసారి బిగుసుకుంటాయి, లోపలి ఒత్తిడి పెరిగి క్రమంగా మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

1970లలో లండన్‌లో జైల్స్ బ్రిండ్లీ అనే శరీరధర్మ శాస్త్రవేత్త, ఆ త్రిక నాడుల ముందువైపు మూలాలకు, అంటే వెన్నుపాము నుంచి కండరాలకు ఆదేశాలు మోసుకెళ్లే నాడుల మొదళ్లకు, ఎలక్ట్రోడ్లు అమర్చే పరికరాన్ని రూపొందించాడు. చర్మం కింద ఉండే భాగానికి బ్యాటరీ లేదు, పైనుంచి ఒక చిన్న దిమ్మెను ఆనిస్తే రేడియో తరంగాల ద్వారా దానికి శక్తి అందుతుంది.

అయితే మూత్రాశయానికీ వలయ కండరానికీ వెళ్లే నాడీ తంతువులు ఆ మూలాల్లోనే కలిసి ఉన్నాయి కదా, మీట నొక్కితే రెండూ బిగుసుకోవా? బిగుసుకుంటాయి. ఇక్కడే కండరాల స్వభావం కలిసివచ్చింది. వలయ కండరం చేతి కండరంలాంటిది, విద్యుత్తు ఆగిన క్షణంలోనే వదులవుతుంది. మూత్రాశయపు గోడ నునుపు కండరం. అది మెల్లగా బిగుసుకుని మెల్లగానే సడలుతుంది. అందుకే కొన్ని సెకన్లు విద్యుత్తు ఇచ్చి, కొన్ని సెకన్లు ఆపితే, ఆపిన ఆ విరామంలోనే మూత్రం చిమ్ముతుంది. ధార ఏకంగా రాదు, విడతలు విడతలుగా వస్తుంది.

దీనికి చెల్లించే మూల్యం చిన్నది కాదు. మూత్రాశయం తనంతట తాను ముడుచుకోకుండా సాధారణంగా వెనకవైపు మూలాలను, అంటే శరీరం నుంచి వెన్నుపాముకు సంకేతాలు తెచ్చే నాడుల మొదళ్లను, కోసేస్తారు. దానితో కారిపోవడం ఆగుతుంది, ఎక్కువ మూత్రం నిలుస్తుంది. కానీ పురుషుల్లో అసంకల్పిత అంగస్తంభన పోతుంది, ఆ ప్రాంతంలో కాస్తో కూస్తో స్పర్శ మిగిలి ఉంటే అదీ పోతుంది, ఆ కోత మళ్లీ అతకదు. ఇంత తెలివైన పరికరం ఎక్కువమందికి చేరకపోవడంలో నాకు వింతేమీ కనిపించదు. దానికి పోటీ ఒక సన్నని గొట్టం: శుభ్రంగా కడిగిన చేతులతో రోజుకు నాలుగైదుసార్లు కాథెటర్ పెట్టుకుని మూత్రాన్ని తీసేసే పద్ధతిని 1972లో అమెరికా వైద్యుడు జాక్ లాపిడెస్ ప్రకటించాడు. దానికి ఏ నాడినీ కోయనక్కర్లేదు.