దురద పొక్కులు: "ఏం తిన్నారు" అని అడిగే ముందు పొక్కును చూడండి (అపోహలు - వాస్తవాలు)

నా ఓపీలోకి కొందరు పేషెంట్ల కంటే ముందు వాళ్ళ సంచి వస్తుంది. బల్ల మీద బోర్లిస్తే సగం పిండిన ట్యూబులు, మూడేళ్ళ చీటీలు, మడతలు పడిన రక్త పరీక్షల కాగితాలు, ఒక్కోసారి ఏదో పసరు సీసా. "అన్నీ నార్మలేనట డాక్టరమ్మా. పొక్కులు మాత్రం పోయినట్టే పోయి మళ్ళీ లేస్తున్నాయి. రాత్రంతా గోకుడే."

చర్మవ్యాధుల డాక్టర్‌గా ఈ మాట వినని వారం లేదు. కారణం తెలియదనుకున్న పొక్కుల్లో చాలావాటి గుట్టు పొక్కు దగ్గరే ఉంటుంది. ఎక్కడ లేచింది, బిగుతుగా ఉందా వదులుగా ఉందా, చుట్టూ చర్మం ఎలా ఉంది అన్నది వదిలేసి మనం నిన్నటి కూర మీద పడతాం. రోజూ వినిపించే మాటలు, నేను చెప్పే జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: "రక్తం చెడిపోయింది. శుద్ధి చేసుకుంటే పోతుంది."

చెడిపోవడానికి రక్తం పాలు కాదు. రక్తశుద్ధి పేరుతో అమ్మే టానిక్కులు ఎన్ని సీసాలు తాగినా ఈ పొక్కులు ఆగవు.

అయితే ఒక రకం పొక్కుల్లో రక్తానికి పాత్ర ఉంది, వేరే విధంగా. మన చర్మానికి పైపొర, లోపలి పొర ఉంటాయి. రెండింటినీ అతికి ఉంచే జిగురు లాంటి ప్రొటీన్లు మధ్యలో ఉంటాయి. క్రిముల మీద పోరాడాల్సిన రక్తంలోని యాంటీబాడీలు పొరబడి ఈ జిగురు మీద పడితే అతుకు ఊడుతుంది, ఆ సందులో నీరు చేరుతుంది. అదే బుల్లస్ పెంఫిగాయిడ్. పైపొర మొత్తం కప్పుగా ఉంటుంది కాబట్టి ఆ పొక్కు బిగుతుగా ఉంటుంది, వేలితో నొక్కినా ఓ పట్టాన చిట్లదు. దీనికి పేరులో చుట్టరికం ఉన్న పెంఫిగస్‌లో పైపొరలోని కణాలే ఒకదాన్నొకటి వదిలేస్తాయి. కప్పు పల్చన, దుప్పటి తగిలినా చిట్లిపోతుంది, నోట్లో పుళ్ళు కూడా వస్తాయి, దురద కన్నా నొప్పి ఎక్కువ. ఈ రెండూ వేర్వేరు జబ్బులని 1953లో వాల్టర్ లీవర్ అనే అమెరికా డాక్టర్ స్పష్టంగా చెప్పేదాకా వైద్యులు కూడా కలిపేసి చూసేవారు. మరి మీ పక్కింటావిడ పొక్కుకి పనిచేసిన మందు మీ పొక్కుకి పనిచేయలేదంటే వింతేముంది?

అపోహ: "టెస్టులన్నీ నార్మల్. అంటే ఏం లేదు, టెన్షనే."

ఏ టెస్టులు చేశారో చూడాలి కదా. మామూలు రక్త పరీక్ష, థైరాయిడ్, షుగర్, లివర్. వీటిలో ఏదీ పొక్కు ఎందుకు లేచిందో చెప్పడానికి పుట్టింది కాదు. ఆ పని చర్మం ముక్క పరీక్షది.

బయాప్సీ అనగానే క్యాన్సరేమోనని ముఖాలు మారిపోతాయి. మత్తు సూది వేసి జొన్నగింజంత ముక్క తీస్తాం, ఒకటో రెండో కుట్లు, అంతే. పొక్కుల జబ్బుకి రెండు ముక్కలు కావాలి. ఒకటి అప్పుడే లేచిన చిన్న పొక్కు నుంచి తీసి ఫార్మలిన్‌లో వేస్తాం. రెండోది పొక్కు నుంచి కాదు, పక్కనే బాగున్నట్టు కనిపించే చర్మం నుంచి. దాన్ని ఫార్మలిన్‌లో వేస్తే పరీక్షకి పనికిరాదు, వేరే ద్రావణంలో పంపాలి. తెలియక రెండూ ఒకే డబ్బాలో వేసి పంపిన రిపోర్టులు నేను చూశాను. పేషెంటుకి కుట్లు మిగిలాయి, జవాబు రాలేదు.

ఆ రెండో ముక్క మీద చేసేది ఇమ్యునోఫ్లోరసెన్స్, అంటే యాంటీబాడీలు ఎక్కడ పట్టుకున్నాయో వెలిగేలా చేసి చూసే పరీక్ష. చీకటి గదిలో మైక్రోస్కోపు కింద పెంఫిగాయిడ్ అయితే రెండు పొరల అతుకు వెంట పచ్చటి గీత వెలుగుతుంది. పెంఫిగస్ అయితే కణాల చుట్టూ చేపల వలలా కనిపిస్తుంది. ఇన్నేళ్ళయినా ఆ గీత కనబడ్డప్పుడు నాకు లోపల చిన్న ఆనందం. పేషెంటు ముందు చూపించకూడదు గానీ.

అందుకే ఒక మనవి. పొక్కు తాజాగా ఉన్నప్పుడు రండి. గోకేసి, పసుపు పూసి, ఏదో ట్యూబు పట్టించి, ఎండి చెక్కు కట్టాక వస్తే నాకు చూడ్డానికి మిగిలేది గోటి గీతలే. రావడం కుదరకపోతే పగటి వెలుతురులో ఫోటో తీసి ఉంచండి.

అపోహ: "వయసు మీద పడింది, దురద మామూలే."

పోయినేడు ఒక రిటైర్డ్ మాస్టారిని కొడుకు తీసుకొచ్చాడు. డెబ్బై ఆరేళ్ళు. మూడు నెలల పాటు ఒంటినిండా దురదే, పొక్కు లేదు. పొడిచర్మమని కొబ్బరినూనె రాశారు. గజ్జి అని ఇంటిల్లిపాదీ రెండుసార్లు మందు పూసుకున్నారు. ఆ తర్వాత తొడల లోపలి వైపు, పొట్ట మీద పొక్కులు లేచాయి. నేను చూసేసరికి ఒకటి నిమ్మకాయంత ఉంది, లోపల నీరు తేటగా. నొక్కాను, కదల్లేదు.

"మాస్టారూ, రోజూ ఏం మాత్రలు వేసుకుంటారు?" అంటే కొడుకు గబగబా "బీపీ, షుగర్, అవి పాతవేనండీ" అన్నాడు. మాస్టారు మాత్రం జేబులోంచి స్ట్రిప్పు తీసి, "ఇది కొత్తది, ఏడాదైంది" అన్నారు. విల్డాగ్లిప్టిన్.

పేరు చివర "గ్లిప్టిన్" ఉన్న షుగర్ మాత్రలు, ముఖ్యంగా విల్డాగ్లిప్టిన్, వేసుకునే కొందరిలో పెంఫిగాయిడ్ వస్తుందని చాలా దేశాల్లో గమనించారు. మందు మొదలుపెట్టిన కొన్ని నెలలకు రావచ్చు, ఏడాది రెండేళ్ళకూ రావచ్చు. అందుకే ఎవరికీ అనుమానం రాదు. విల్డాగ్లిప్టిన్ పేటెంటు 2019 డిసెంబరులో ముగిశాక మన దగ్గర దాని ధర బాగా తగ్గింది, వాడకం పెరిగింది. వేసుకునేవాళ్ళలో అత్యధికులకు ఏమీ కాదు, మందు మంచిదే. కాబట్టి ఇది చదివి రాత్రికి మాత్ర ఆపేయకండి. దురద, పొక్కులు ఉంటే స్ట్రిప్పు తీసుకెళ్ళి మీ షుగర్ డాక్టర్‌కీ, చర్మం డాక్టర్‌కీ చూపించండి. మార్చడానికి వేరే మాత్రలున్నాయి. మాత్ర మార్చగానే కొందరికి పొక్కులు సర్దుకుంటాయి, మరికొందరికి వైద్యమూ కావాలి.

పక్షవాతం వచ్చినవాళ్ళలో, పార్కిన్సన్స్, మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళలో కూడా పెంఫిగాయిడ్ కాస్త ఎక్కువ. వాళ్ళు దురదని చెప్పుకోలేరు. స్నానం చేయించేవాళ్ళే చూడాలి.

అపోహ: "పొక్కులున్నంత కాలం పథ్యం చేయాలి. వంకాయ, గోంగూర, గుడ్డు, చేప మానేయాలి."

నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. పెద్ద పొక్కుల్లోంచి కారేది ఉత్త నీరు కాదు, దాంట్లో ప్రొటీన్ ఉంటుంది. డెబ్బై దాటిన మనిషికి ఒకపక్క అది పోతూ ఉంటే, మరోపక్క గుడ్డు, పప్పు ఆపేసి చారన్నం పెడితే పుండు మానేదెలా? వంకాయ మానేసి పెంఫిగాయిడ్ తగ్గినవాళ్ళు నాకు ఇంతవరకు తగల్లేదు.

తిండితో నిజంగా ముడిపడిన పొక్కు ఒకటుంది. మన దగ్గర అరుదు. డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్ అంటారు. 1884లో ఫిలడెల్ఫియాలో లూయిస్ డూరింగ్ వర్ణించాడు. పేరులో హెర్పెస్ ఉన్నా ఆ వైరస్‌తో సంబంధం లేదు, పొక్కులు గుంపులుగా వస్తాయని ఆ పేరు. మోచేతులు, మోకాళ్ళు, పిరుదులు, తల వెనక భాగం, రెండు పక్కలా ఒకేలా వస్తుంది. దురద ఎంతంటే పొక్కు కంటికి కనబడేలోపే గోళ్ళకి పోతుంది. దీని మూలం గ్లూటెన్. గోధుమ, బార్లీల్లో ఉంటుంది.

అన్నం తినే మనకి గోధుమ ఎక్కడిది అంటారు. షుగర్ వచ్చిందని రాత్రి అన్నం మాని చపాతీ పట్టినవాళ్ళు ఎంతమంది? బొంబాయి రవ్వ ఉప్మా, సేమ్యా, బ్రెడ్డు, బిస్కెట్లు, ఒంట్లో వేడి అని తాగే బార్లీ జావ. పులిహోరలో ఇంగువ కూడా. కొట్లో అమ్మే ఇంగువలో చాలావరకు గోధుమపిండి కలుస్తుంది, డబ్బా మీద సన్నటి అక్షరాల్లో రాసి ఉంటుంది. అయితే అనుమానంతో ముందే గోధుమ మానేయకండి. పరీక్షలయ్యేదాకా తినాలి, లేకపోతే జబ్బు ఆనవాళ్ళు పరీక్షకి అందవు. మానేశాక కూడా చర్మం పూర్తిగా సర్దుకోవడానికి నెలలు, ఒక్కోసారి రెండేళ్ళు పడుతుంది.

ఈలోపు దురద ఆపడానికి డాప్సోన్ ఇస్తాం. రెండు మూడు రోజుల్లోనే మనిషి నిద్రపోతాడు. దానికి ముందు జీ6పీడీ అనే పరీక్ష తప్పదు, ఆ ఎంజైమ్ తక్కువున్నవాళ్ళకి ఈ మాత్రతో ఎర్రరక్తకణాలు చితికిపోతాయి. ఇంకో ఇబ్బంది మెడికల్ షాపులో వస్తుంది. "ఇది కుష్టు మందు కదమ్మా" అంటారు. ఒకావిడ అక్కడి నుంచే ఏడుస్తూ ఫోన్ చేసింది. కుష్టుకీ వాడే మాట నిజమే. మీకు రాసింది దానికి కాదు. ఇప్పుడు చీటీ ఇచ్చేటప్పుడే ఈ ముక్క ముందుగా చెప్పేస్తున్నాను.

అపోహ: "అరచేతుల్లో పొక్కులు ఒంట్లో వేడి, చెమట బయటికి పోక వస్తాయి."

వేళ్ళ పక్కల, అరచేతుల్లో, అరికాళ్ళలో ఉడికిన సగ్గుబియ్యంలా లోతుగా కనిపించే పొక్కులు పాంఫోలిక్స్. ఇది ఎగ్జిమాలో ఒక రకం. 1873లో టిల్బరీ ఫాక్స్ అనే ఇంగ్లీషు డాక్టర్ కూడా చెమట గ్రంథుల లోపమే అనుకుని డిస్‌హైడ్రోసిస్ అని పేరు పెట్టాడు. చెమట గ్రంథులు బాగానే ఉన్నాయని తర్వాత తేలింది, తప్పు పేరు మాత్రం నిలిచిపోయింది. ఎండాకాలం, చెమట, పరీక్షల టెన్షన్ దీన్ని రెచ్చగొడతాయి, అది నిజం. రెండు మూడు వారాల్లో ఎండి పొట్టు రాలుతుంది, మళ్ళీ వస్తుంది.

ఇక్కడ నేను కాళ్ళు చూపించమంటాను. చేతికి వైద్యానికొస్తే కాళ్ళెందుకు అని విసుక్కుంటారు. కాలివేళ్ళ సందుల్లో తెల్లగా నాని ఫంగస్ పట్టి ఉంటే, దానికి స్పందనగా చేతుల్లో పొక్కులు రావచ్చు. కాలికి మందేస్తే చెయ్యి బాగవుతుంది. కాళ్ళు బాగుంటే గిన్నెల సబ్బు, వెల్లుల్లి వలవడం, నికెల్ ఉన్న వస్తువుల వైపు వెళ్తాం. ఏది పడదో తెలుసుకోవడానికి వీపు మీద ప్యాచ్ టెస్ట్ పట్టీలు అంటించి, 48 గంటలకు తీసి చూస్తాం, 96 గంటలకు మళ్ళీ చూస్తాం. ఆ నాలుగు రోజులు వీపు తడపకూడదు. మన ఎండల్లో చాలామంది రెండు రోజులు కాకముందే పీకేస్తారు.

అపోహ: "అంటుకుంటుంది. చిట్లిన నీరు ఎక్కడ పడితే అక్కడ లేస్తుంది."

పాంఫోలిక్స్, పెంఫిగాయిడ్, డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్ అంటవు. మనవల్ని ఎత్తుకోవచ్చు. అంటుకునేవి గజ్జి, పిల్లల్లో చీము పొక్కులు, ఆటలమ్మ, హెర్పెస్. అక్కి వేరే కథ. ఒక పక్కనే పట్టీలా లేచి మంట, నొప్పి పెడుతుంది. దానికి ఎర్రమట్టితో రాయించుకోవాలనుకుంటే రాయించుకోండి గానీ, వైరస్ మాత్రలు మొదటి మూడు రోజుల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయని మరిచిపోవద్దు.

అపోహ: "పసరుకి సైడ్ ఎఫెక్టులుండవు."

నల్లజీడి రసంతో చాకలి బట్టల మీద వేసిన గుర్తు ఎన్ని ఉతుకులకీ పోదు. అది చర్మం మీద పడితే పొక్కులు తేలతాయి. పచ్చి వెల్లుల్లి ముద్ద కట్టినా కాలుతుంది. ఉన్న పొక్కు మీద వీటితో ఇంకో పొక్కు తెచ్చుకుని వస్తే, ఏది జబ్బుదో ఏది మందుదో నాకూ అర్థం కాదు.

అపోహ: "స్టెరాయిడ్ ముట్టుకోకూడదు." లేదా "ఆ ఒక్క ట్యూబే పనిచేస్తుంది."

ఒకే ఇంట్లో రెండూ వింటాను. కొట్లో అడిగి తెచ్చుకునే, స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు అన్నీ కలిపిన ట్యూబు దురదని రెండు రోజుల్లో ఆపుతుంది, అసలు జబ్బు ఆనవాళ్ళు చెరిపేస్తుంది, గజ్జల్లో చర్మాన్ని పల్చబరుస్తుంది. ఇలాంటి స్టెరాయిడ్ పూతలను చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన తెచ్చింది. అమ్మకం ఆగిందా అంటే, నా బల్ల మీద సంచి చూస్తే తెలుస్తుంది. ఊళ్ళో వేసే "ఒక్క ఇంజెక్షన్" కూడా ఎక్కువసార్లు ఇదే సరుకు.

అదే స్టెరాయిడ్ పెంఫిగాయిడ్‌లో ప్రాణం నిలబెడుతుంది. ఒళ్ళంతా గట్టి పూతగా రాయిస్తే, పెద్దవాళ్ళలో ఎక్కువ మోతాదు మాత్రల కంటే మేలని ఫ్రాన్స్‌లో జరిగిన పెద్ద పరిశోధన 2002లో చూపింది. డాక్సీసైక్లిన్ లాంటి తేలిక మందు కూడా కొందరికి చాలు. స్టెరాయిడ్ నోటి మాత్రలు మొదలుపెడితే మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి.

మాస్టారికి గ్లిప్టిన్ మార్చాం, పూత రాయించాం, డాక్సీసైక్లిన్ ఇచ్చాం. "మళ్ళీ వస్తుందా?" అని అడిగారు. రావచ్చని చెప్పాను. రోజూ కొత్తగా ఎన్ని పొక్కులు లేచాయో క్యాలెండర్‌లో రాయమన్నాను. ఆయన దాన్ని ఎర్ర పెన్నుతో, మార్కులు వేసినట్టు రాస్తున్నారు. మొదటి నెల తొమ్మిది, ఏడు, పదకొండు. పోయిన నెల అన్నీ సున్నాలే, పద్నాలుగో తేదీ తప్ప. అక్కడ "ఒకటి. మోచెయ్యి. గోకలేదు" అని ఉంది.