కొమాంచీ బాట: ఊట నుంచి ఊటకు

డాలస్ నుంచి బిగ్ బెండ్ నేషనల్ పార్కుకి కారులో వెళ్ళొచ్చిన తెలుగువాళ్ళు చాలామందే ఉంటారు. బిగ్ స్ప్రింగ్ ఊరు దాటి, ఫోర్ట్ స్టాక్టన్‌లో గ్యాస్ కొట్టించుకుని, 385 హైవే మీద కిందికి దిగి పర్సిమన్ గ్యాప్ దగ్గర పార్కులోకి వెళ్తారు. కొంచెం అటూ ఇటూగా అదంతా ఒకప్పుడు కొమాంచీలు అనే అమెరికా ఆదివాసీ జాతివాళ్ళు మెక్సికో మీద దాడులకు వెళ్ళిన బాటే. ఆ బాటకు ప్రాణం పోసిన రెండు పెద్ద ఊటలూ, బిగ్ స్ప్రింగ్‌లోదీ, ఫోర్ట్ స్టాక్టన్‌లోని కొమాంచీ స్ప్రింగ్స్, ఎండిపోయాయి. భూమి కింది నీళ్ళు ఎవరివి అని పశ్చిమ టెక్సస్‌లో ఈరోజుకీ నడుస్తున్న గొడవలో కొమాంచీ స్ప్రింగ్స్ పేరు రాకుండా ఉండదు. ఆ పేరు ఎలా వచ్చిందో తెలియాలంటే మూడొందల ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

కొమాంచీలది మొదట టెక్సస్ కాదు. ఉత్తరాన రాకీ పర్వతాల వైపు ఉండే షోషోనీ జాతి నుంచి విడిపోయి దక్షిణానికి దిగినవాళ్ళు. 1680లో న్యూమెక్సికోలోని ప్యూబ్లో ప్రజలు తిరగబడి స్పెయిన్ వాళ్ళను తరిమేశాక గుర్రాలు చుట్టుపక్కల జాతులన్నిటికీ పాకాయి, వాటిని కొమాంచీలు వాడుకున్నట్టు ఇంకెవరూ వాడుకోలేదేమో అనిపిస్తుంది. స్పెయిన్ కాగితాల్లో వాళ్ళ పేరు మొదట కనిపించేది 1706లో. ఇంకో యాభై ఏళ్ళకల్లా దక్షిణ మైదానాల్లో వాళ్ళ మాటే చెల్లుతోంది.

ఇక్కడ చాలామంది వదిలేసే సంగతి ఒకటుంది. వాళ్ళు ఎప్పుడూ దాడులే చేస్తూ బతకలేదు. 1786లో న్యూమెక్సికో గవర్నరు హువాన్ బౌతిస్తా దె ఆన్సా, కొమాంచీ నాయకుడు ఎకుయెరకాపా సంధి చేసుకున్నారు, ఏటా స్పెయిన్ ప్రభుత్వం ఇచ్చే కానుకలూ సంతల్లో వ్యాపారమూ సాగినన్నాళ్ళు న్యూమెక్సికోతో ఆ శాంతి బాగానే నిలబడింది. 1821లో మెక్సికో స్వతంత్రమైంది, ఖజానా ఖాళీ, కానుకలు సన్నగిల్లాయి. అదే సమయంలో తూర్పు నుంచి వచ్చే అమెరికన్ వ్యాపారులు గుర్రాలకీ కంచర గాడిదలకీ తుపాకులూ బట్టలూ ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. 1840లో షయాన్, అరపాహో అనే పొరుగు జాతులతో కూడా రాజీ కుదిరేసరికి ఉత్తరం వైపు భయం తీరింది, ఇక దక్షిణానికి వందల మందితో కదలొచ్చు.

బాట ఒక్క గీతలా ఉండేది కాదు. మైదానాల్లో చాలాచోట్ల నుంచి వచ్చే పాయలు బిగ్ స్ప్రింగ్ దగ్గర కలిసేవి, అక్కడి నుంచి నైరుతికి కాసిల్ గ్యాప్ అనే కనుమ, దాని తర్వాత పేకోస్ నది మీద హార్స్‌హెడ్ రేవు, తర్వాత కొమాంచీ స్ప్రింగ్స్. అక్కడ మళ్ళీ చీలి ఒక పాయ ప్రెసిడియో వైపు, ఇంకొకటి పర్సిమన్ గ్యాప్ మీదుగా రియో గ్రాండె రేవులకీ. ఆ నది దాటితే మెక్సికో రాష్ట్రాలు: చిహువాహువా, కొవహీలా, ఇంకా కిందికి దురాంగో, సకతేకస్. వేసవి చివరి వానలకు రాతి గుంటల్లో నీళ్ళు నిలిచి గడ్డి మొలిచాక, సెప్టెంబరు వెన్నెల్లో బయల్దేరేవారు. నిండు చందమామను అక్కడి జనం కొమాంచీ చందమామ అని పిలిచింది అందుకే, ఆ వెలుగంటే అంత భయం.

హార్స్‌హెడ్ అంటే గుర్రం తల. రేవు ఒడ్డున పరుచుకున్న పుర్రెల వల్ల వచ్చిన పేరు. మెక్సికో నుంచి తోలుకొచ్చే మందలు చుక్క నీరు లేని నేల మీద రోజుల తరబడి నడిచి, నది వాసన తగలగానే ఎగబడి ఆ ఉప్పునీళ్ళు కడుపు పగిలేలా తాగి అక్కడే కూలబడేవి, కొన్ని ఊబిలో కూరుకుపోయేవి. ఎముకలు ఎండకు తెల్లబడి దూరానికి దారి గుర్తులా కనిపించేవి.

ఆ మందల వెనక మనుషులూ ఉండేవాళ్ళు, అది మర్చిపోకూడదు. ఎత్తుకొచ్చిన ఆడవాళ్ళు, పిల్లలు. కొందరిని అమ్మేశారు, కొందరు గుర్రాలు కాస్తూ పెరిగి కొమాంచీలే అయిపోయారు. ఉత్తర మెక్సికోలో ఎన్నో పొలాలు బీడుపడ్డాయి, రాంచోలు, అంటే పశువుల పెంపకం క్షేత్రాలు, వదిలేసి జనం వెళ్ళిపోయారు. చిహువాహువా ప్రభుత్వం మనుషుల తల చర్మానికి వెల కట్టి జేమ్స్ కిర్కర్ లాంటి కిరాయి ముఠాలను పెట్టింది, ఆ ముఠాలు ఎవరి తల అని చూడలేదు. 1846లో అమెరికా సైన్యం వచ్చేనాటికి ఆ రాష్ట్రాలు అప్పటికే చితికిపోయి ఉన్నాయి.

అమెరికా, మెక్సికోల యుద్ధం ముగించిన 1848 సంధిలో పదకొండో అధికరణం ఈ దాడుల గురించే. సరిహద్దు దాటకుండా ఆపే బాధ్యత అమెరికాది అని ఉంది, దానితోపాటు మెక్సికోలో దొంగిలించిన గుర్రాలనూ పశువులనూ, చెరపట్టిన మనుషులనూ అమెరికాలో ఎవరూ కొనకూడదని కూడా రాశారు. ఆ ఒక్క షరతు చూస్తే బాట ఉత్తరపు కొస ఎక్కడుందో తెలిసిపోతుంది. అమెరికా ఆ బాధ్యత మోయలేక 1853 డిసెంబరులో గాడ్స్‌డెన్ ఒప్పందంతో వదిలించుకుంది.

తర్వాతి కథ త్వరగానే ముగిసింది. 1849లో కలరా, వెనువెంటనే అమెరికా సైన్యం కోటలు, ఊట పక్కనే 1859లో క్యాంప్ స్టాక్టన్, ఆపైన అడవిదున్నల ఊచకోత. 1874 సెప్టెంబరులో పాలో డ్యూరో లోయలో అమెరికా సైన్యపు కల్నల్ మెకంజీ కొమాంచీలవీ వాళ్ళ మిత్రులవీ గుర్రాలను వెయ్యికి పైగా కాల్పించాడు. గుర్రం పోయాక ఇంకేం మిగులుతుంది? 1875 జూన్‌లో కొమాంచీ నాయకుడు క్వానా పార్కర్ తన మనుషులతో ఫోర్ట్ సిల్ అనే సైనిక కోటలో లొంగిపోయాడు.

దాడులు ఆగినా ఊట పారుతూనే ఉంది. దాని నీళ్ళతో కాలవలు తవ్వి వేల ఎకరాలు పండించారు. 1950ల్లో ఊరికి పడమటి వైపు పెద్ద బోర్లు వేసి పంపులు పెట్టాక ధార సన్నబడింది. కింది రైతులు కోర్టుకెళ్తే, ఎవరి నేలలో తోడుకున్న నీళ్ళు వాళ్ళవే అని 1954లో తీర్పు వచ్చింది, దానికి ఆధారం 1904 నాటి టెక్సస్ సుప్రీంకోర్టు సూత్రం. 1960ల మొదట్లో ఊట పూర్తిగా ఆగిపోయింది.

1980ల నుంచి మాత్రం కొన్ని చలికాలాల్లో, సేద్యం పంపులు ఆపేసిన నెలల్లో, పాత రాళ్ళ మధ్య నీళ్ళు మళ్ళీ పైకొస్తున్నాయి. పంపులు మొదలవగానే వెళ్ళిపోతాయి.